తేనెపట్టుకు రెండు వైపులా మొహమే

పోయిన ఆదివారం పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల మీద నుంచి మందు వాసన గుప్పున కొట్టింది. కిరసనాయిల్లో ఏదో తియ్యటిది కలిపినట్టుండే ఆ వాసన నాకు కొత్త కాదు. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు సన్‌షేడు కింద తేనెపట్టు పట్టింది. పిల్లల్ని కుడతాయని కొందరు, ఇంటికి అరిష్టమని మరికొందరు గొడవ చేస్తే అసోసియేషన్ వాళ్ళు మందు కొట్టే మనిషిని పిలిపించారు. మా బాల్కనీ గచ్చు నిండా ఈగలు వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్నింటికి ఇంకా ప్రాణం ఉంది, నేల మీదే గిర్రున తిరుగుతున్నాయి. ఊడ్చేద్దామని వంగాను. ఒకదాని కాళ్ళకు పచ్చటి పుప్పొడి ముద్దలు అంటుకుని ఉన్నాయి. చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను. హైమవతి గారు గుర్తొచ్చారు.

ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. పుస్తకాలు రాయలేదు, వేదికలెక్కలేదు. విజయవాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు. నేను ఆవిడ దగ్గరే చదువుకున్నాను. శనివారం సాయంత్రం ల్యాబులో మాచేత చర్చలు పెట్టించేవారు. జాతకం, వాస్తు, కులం, దేవుడు, దెయ్యం, దేన్నీ వదిలేవాళ్ళం కాదు. ఒకసారి విభూతి ఇచ్చి రోగాలు తగ్గిస్తానంటున్న ఓ బాబా మీద నేను బల్ల గుద్ది మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు.

"బాగా అరిచావు. ఆయన దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదండీ. వెళ్ళాల్సిన పనేముందండీ?"

"ఆయన భక్తులూ అంతే కదా, నీ మొహం చూడకుండానే నాస్తికుడివి, నాశనమైపోతావంటారు. వాళ్ళకీ నీకూ తేడా ఉండాలా వద్దా? పోయి లైన్లో నిలబడి రా."

కోపంగానే వెళ్ళాను. లైన్లో నా ముందున్న మనిషి చంకలో ఆస్పత్రి కాగితాల సంచి ఉంది. ఎన్ని ఆస్పత్రులు తిరిగాడో, అంత లావు సంచి. బాబాది మోసమేనన్న నా అభిప్రాయం తిరిగొచ్చాక మారలేదు. కానీ ఆ సంచి ఊసెత్తకుండా బాబాల గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేకపోయాను.

రిటైరయ్యాక ఆవిడ ఉయ్యూరులోని సొంతింటికి వెళ్ళిపోయారు. భర్త అప్పటికే లేరు. ఇంటి వెనక కొంచెం పెరడు, అందులో గుమ్మడి పాదు, తులసి, మునగ, ఒక దానిమ్మ చెట్టు. ఆ దానిమ్మ కొమ్మకి చిన్న తేనెటీగలు అరచేయంత పట్టు పెట్టాయి. ఆవిడ కెమెరా కొనుక్కుని ఆ ఈగల్ని ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. పువ్వు మీద వాలిన ఈగ అక్కర్లేదు. గాలిలో ఉన్నదే కావాలి.

"వాలిన ఈగ తింటోందని మాత్రమే తెలుస్తుందయ్యా. ఎగిరేదాన్ని చూస్తే ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో తెలుస్తుంది" అన్నారు.

ఒక రోజు కెమెరా నా చేతికిచ్చారు. నేను ఈగల వెంట పెరడంతా తిరిగాను. ఆవిడ అరుగు మీద కూర్చుని నవ్వారు.

"దోమల బ్యాటు కాదయ్యా అది, కెమెరా! ఈగ వెనకాల పరిగెత్తితే దాని వీపే దొరుకుతుంది. పువ్వు దగ్గర నిలబడు. అవసరం దానిది, అదే వస్తుంది. వాలే ముందు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది చూడు, అప్పుడు నొక్కు."

పక్కింటి నాగమణి కూతురు హాసిని గోడ మీద నుంచి ఇదంతా చూస్తూ ఉండేది. అప్పుడే ఒకటో తరగతిలో చేరిన పిల్ల. కెమెరా వెనక బొమ్మ చూపిస్తే కళ్ళింత చేసుకుంది.

"బామ్మగారూ, ఇది పెళ్ళికూతురా? కాళ్ళకి పసుపు రాసుకుంది!"

"పెళ్ళికూతురు కాదే, కూలి మనిషి. పని చేసుకుని ఇంటికెళ్తోంది."

"పనికెళ్తే పసుపెందుకు మరి?"

అంత మంది విద్యార్థుల నోరు మూయించిన మనిషి ఆ పిల్ల ముందు తెల్లమొహం వేశారు.

ఆ వానాకాలం ఊళ్ళో డెంగీ జ్వరాలు ముసిరాయి. హాసినికీ వచ్చింది. వీధి చివర సూది మందు వేసేవాడు సూది వేశాడు. తాయెత్తు కట్టేవాడు తాయెత్తు కట్టాడు. జ్వరం తగ్గింది. తగ్గిన మర్నాడే పిల్ల చల్లబడిపోయింది. విజయవాడ తీసుకొచ్చేసరికి ఆలస్యమైపోయిందన్నారు.

దినకర్మలు పూర్తి కాకముందే ఆ ఇంటికొక సిద్ధాంతి వచ్చాడు. గోడ మీద నుంచి దానిమ్మ చెట్టు చూసి కారణం తేల్చేశాడు. కబురు తెలిసి నేను బస్సెక్కి వెళ్ళేసరికి ఆవిడ గేటు ముందు వీధి వీధంతా ఉంది. నాగమణి అత్తగారు మాట్లాడుతోంది.

"మేడం గారూ, చదువుకున్నోళ్ళు, మీకు చెప్పేంతటి వాళ్ళం కాదు. పట్టు మొహం మా గడప వైపుందంట. దాన్ని తీయించెయ్యండి, మీకు పుణ్యముంటది."

హైమవతి గారు ఆమెను చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. గుంపూ వెనకే కదిలింది. "చూడండమ్మా. పట్టుకి రెండు పక్కలా గదులే, రెండు వైపులా మొహమే. ఒకటి మీ గడప వైపుంటే రెండోది నా మంచం వైపుంది. నేను బతికే ఉన్నానుగా?"

"ముసలాళ్ళ జోలికి అరిష్టం కూడా రాదులెండి!" అన్నారు గుంపులోంచి ఎవరో. కొందరు నవ్వారు కూడా. చావింటి పక్కన నవ్వు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లని చంపింది ఈగలు కాదు" అని గొంతెత్తాను. 'మీ ఆలస్యం' అన్న తరవాతి మాట నోట్లోనే ఉంది. హైమవతి గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"నోర్ముయ్."

అందరి ముందూ అన్నారు. లోపలికెళ్ళాక అడిగాను: "నేను చెప్పబోయింది నిజం కాదాండీ?"

"నిజమే. దాన్ని ఎవరి నెత్తిన వెయ్యబోయావో చూశావా?"

కిటికీలోంచి చూశాను. గుంపు అంతా వెళ్ళిపోతోంది. అందరికంటే వెనక, గోడకు చేరబడి నాగమణి నిలబడి ఉంది. అప్పటిదాకా ఆమె అక్కడుందనే నేను గమనించలేదు.

మర్నాడు హైమవతి గారు తను తీసిన ఫొటోలు తీసుకుని పక్కింటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. మంచం మీద ఒక్కొక్కటే పరిచారు.

"చూడమ్మా నాగమణీ. ఇది దానిమ్మ మీద నుంచి లేచి చెరుకు తోటల వైపు పోతోంది. ఇదేమో నా గుమ్మడి మీదికి. మీ పెరట్లోకి వచ్చినవి తులసి దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. మీ గడప ఒక్కటీ తొక్కలేదు."

నాగమణి ఫొటోల వంక చూడలేదు. వంటింట్లో ఉన్న అత్తగారికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"నాకు తెలుసండీ."

"ఏం తెలుసమ్మా?"

"వాటివల్ల కాదని. నోరు లేని ఈగలకేం తెలుసండీ పాపం. కానీ అవి కాకపోతే ఇంకెవరండీ? జ్వరం తగ్గింది, ఇడ్లీ ముక్క తిన్నది, ఇంక ఆస్పత్రెందుకన్నది నేనేనండీ." ఫొటోల్ని పక్కకు జరుపుతూ అంది: "అవి అక్కడే ఉంటే రోజూ నా వంక చూసి, మేం కాదు, మేం కాదు అంటున్నట్టుంటదండీ."

మేం ఇంటికొచ్చాం. కొమ్మ కోసుకెళ్ళి చెరుకు తోటలో కడతానని ఆ సాయంత్రం ఆవిడ వీధి వాళ్ళను బతిమాలారు. ఒప్పుకోలేదు. పట్టు బతికుంటే అరిష్టమూ బతికున్నట్టేనట. "అయితే మందు కొట్టించుకోండి" అన్నారు.

"లొంగిపోతున్నారా?" అని అరిచాను.

"అరిష్టమని నేను ఒప్పుకోలేదు. నా చేత ఎవరూ ఒప్పించలేరు."

"చంపనిస్తే ఒప్పుకున్నట్టే కదండీ!"

ఆవిడ లేచి వెళ్ళి కెమెరా తెచ్చుకున్నారు.

మందు కొట్టే కుర్రాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. సిద్ధాంతి కనిపెట్టిన జబ్బుకి కెమిస్ట్రీ కనిపెట్టిన మందు! మన మూఢనమ్మకం సైన్సును తిరస్కరిస్తుందని ఎవరన్నారు? దానికి సైన్సు కావాలి. ముహూర్తం సెల్‌ఫోనులో చూసుకుంటుంది, దిష్టిబొమ్మ ఆన్‌లైన్లో తెప్పించుకుంటుంది, ఈగల్ని చంపడానికి పంపు తెచ్చుకుంటుంది. పిల్లను బతికించడానికి మాత్రం దానికి సైన్సు గుర్తుకు రాదు.

అరచేయంత పట్టు. నిమిషంలో అయిపోయింది. హైమవతి గారు కెమెరా కంటికి పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. అప్పటికి బయట పనిలో ఉన్న ఈగలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి, కాళ్ళకు పుప్పొడితో. దానిమ్మ ముందుకొచ్చి, వాలడానికి చోటు లేక, గాలిలో ఆగిపోతున్నాయి. ఆ క్షణాన్నే ఆవిడ నొక్కుతున్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మందు ఘాటో మరొకటో నేనడగలేదు.

విజయవాడ తిరిగొచ్చి ఒక ఘాటైన వ్యాసం రాశాను. అది అచ్చయ్యాక ఆవిడ ఫోన్ చేశారు. "చదివాను. బాగా అరిచావు" అని పెట్టేశారు.

చెరుకు గానుగ మొదలై ఊరంతా తీపి పొగ కమ్మిన రోజుల్లో మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద మాట్లాడుకుంటుంటే నాగమణి గేటు తీసుకుని వచ్చింది. బాగా చిక్కిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈగలు పోయాయి కదండీ. ఇప్పుడు నేనెవర్ని అనుకోనండీ?"

ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు.

"ఆలస్యమైంది నాగమణీ. కాలేదని నేను అబద్ధం చెప్పను."

నాగమణి మొహం తెల్లగా పాలిపోయింది.

"కానీ, ఈ జ్వరంలో వేడి తగ్గాకే అసలు ప్రమాదమని నీకెవరు చెప్పారు? సూది వేసినవాడు చెప్పాడా? తాయెత్తు కట్టినాయన చెప్పాడా? మందుల షాపతను చెప్పాడా? ఇంత సైన్సు చదివిన దాన్ని, గోడకివతలే ఉన్నాను. పిల్ల గోడెక్కడం లేదేమని ఒక్కసారైనా వచ్చి అడిగానా? ఇంతమంది పాలున్న దాన్ని నువ్వొక్కదానివే నెత్తికెత్తుకున్నావు. దించు. ఎవరి వాటా వాళ్ళకివ్వు. నా వాటా నాకియ్యి."

నాగమణి మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. "పసుపు కాళ్ళ ఫొటో అనేదండీ పిల్ల. ఉందాండీ?" అని అడిగింది. ఆవిడ తెచ్చిచ్చారు. నాగమణి దాన్ని కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

హైమవతి గారు పోయిన వేసవిలో చనిపోయారు. తంతులేవీ వద్దని, శరీరం మెడికల్ కాలేజీకివ్వమని ముందే చెప్పి ఉంచారు. అలాగే చేశాం. వ్యాను కదులుతుంటే వీధిలో ఒకావిడ పక్కావిడతో అంటోంది: "ఈగల్ని చంపించిన పాపం, ఊరికే పోతుందా?" ఈగలున్నప్పుడు పిల్ల పోతే అది ఈగల వల్ల. ఈగలు లేనప్పుడు ముసలావిడ పోతే అదీ ఈగల వల్లే. గేటు దగ్గర నాగమణి ఒక్కతే వెనక్కి తిరిగి, "మీ నోళ్ళు పడిపోను, ఊరుకోండి!" అని అరిచింది.

ఆ పట్టును చంపనివ్వడం తప్పేనని ఇప్పటికీ అంటాను. మూఢత్వానికి ఒక మెట్టు దిగితే అది పది మెట్లు దించుతుంది. ఆవిడ వ్యాను కదిలేటప్పుడు విన్న మాటే అందుకు సాక్ష్యం. ఈ విషయంలో మా గురుశిష్యుల వాదన తెగలేదు, ఇక తెగదు. కానీ గుంపును చూసి గొంతెత్తబోయిన ప్రతిసారీ నా మణికట్టు మీద ఆవిడ చేతి పట్టు తగులుతుంది. అందరికంటే వెనక ఎవరు నిలబడ్డారో వెతుకుతాను.

ఆదివారం బాల్కనీలోంచి లేచి మూడో అంతస్తుకి వెళ్ళాను. అసోసియేషన్ మీటింగులో అరిష్టం, అరిష్టం అని అందరికంటే పెద్దగా అరిచినావిడ తలుపు కొట్టాను. వాదించడానికే వెళ్ళాను. ఆవిడ తలుపు కొంచెమే తీసి, గొలుసు వెనక నుంచి చూసింది. ఈగ గాలిలో ఆగినట్టు నేను ఒక్క క్షణం ఆగాను.

"మీ ఇంట్లో ఎవరికి బాగోలేదండీ?" అని అడిగాను.

ఆవిడ నా వంక అలాగే చూసి, గొలుసు తీసి, తలుపు పూర్తిగా తెరిచింది.