కోటగిరి రక్తానికి చలి పెట్టిన రోజు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఏడో తరగతిలో బడి మానేసిందే లెక్కల సారుకు భయపడి. అంతకంటే భయంకరమైనది లోకంలో ఇంకోటి ఉందంటే ఎలా నమ్ముతాను? ఇది చదివితే మా దోస్తులు నన్ను బతకనివ్వరు, ఎందుకంటే ఇన్నాళ్లూ వాళ్లను ఆటపట్టించింది నేనే. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌కు రక్తం గొట్టాలు మోసేవాణ్ణి. అంతకుముందు పదేళ్లు బోధన్‌లో కుల్ఫీ బండి తోశాను. అప్పుడు పాలు, ఇప్పుడు రక్తం, డబ్బా మాత్రం అదే అని అందరితో నవ్వేవాణ్ణి.

మా డాక్టరమ్మకు ఎవరికైనా బ్లడ్ క్యాన్సర్ అని అనుమానం వస్తే గొట్టం హైదరాబాద్ పోవాలి. అక్కడ క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్ల దగ్గర ఒక మిషన్ ఉండేది. చెరుకు ఫ్యాక్టరీ కాంటా ముందు బండ్లు నిలబడ్డట్టు అది రక్తంలోని కణాలను వరస కట్టిస్తుంది. ఒక్కొక్కదాని మీద లేజర్ వెలుగు వేసి ఏది ఏ రకమో చెబుతుంది. చెడ్డవాటిని విడిగా ఏరిపెడుతుంది కూడా. ఎన్నో ల్యాబులకు కలిపి ఆ ఒక్కటే మిషన్, కాబట్టి ముందే వంతు రాయించుకోవాలి. వంతు తప్పితే మళ్లీ వారానికే. పైగా కణాలు బతికుండగానే చేరాలి. చచ్చినవాటి సంగతి మిషన్ కూడా చెప్పలేదు.

ఆ రోజు గొట్టం కోటగిరి మనిషిది. పేరు సమూయేలు, కాలువ పనులకు పోయే కూలీ. నేను ఆయన్ని చూడలేదు. పొద్దున్నే మా కాంపౌండర్ కోటగిరిలో ఆయన ఇంటికి పోయి రక్తం తీసి తెచ్చాడు. రకం తేలితేనే మందు మొదలవుతుందని, ఇంకో వారం ఆగే ఓపిక ఆ ఒంట్లో లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. మంచు పెట్టొద్దని, నీడన ఉంచితే చాలని మూడోసారి చెప్పింది.

మే నెల. ఆ ఎండ చూసి గొట్టం మీద నాకు జాలేసింది. పదేళ్ల కుల్ఫీ బుద్ధి ఎక్కడికి పోతుంది? బస్టాండ్ దగ్గర మంచుగడ్డ కొని, నలగ్గొట్టి, గుప్పెడు రాళ్ల ఉప్పు చల్లాను. ఉప్పు పడితే మంచు ఇంకా చల్లబడుతుంది, కుల్ఫీ గట్టిగా బిగుస్తుంది. గొట్టాన్ని గుడ్డలో చుట్టి అందులో పెట్టాను. ఈ తెలివి ఎవరితోనూ పంచుకోలేదు.

ఎనిమిదిన్నర బస్సు. డిచ్‌పల్లి వచ్చేలోపే పక్క సీట్లో మనిషి వణకడం మొదలుపెట్టాడు. యాభై ఏళ్లుంటాయి. మెడకు గళ్ల తువ్వాలు. ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంది. బస్సంతా చెమటలు కారుతుంటే ఆయన పళ్లు టకటకలాడుతున్నాయి.

"సలి పెడ్తుంది తమ్మీ," అన్నాడు.

"గీ ఎండల సలా? నీకాడ ఎక్కువుంటె జర నాకియ్యే, అమ్ముకుంట."

ముందు సీట్లో అవ్వ వెనక్కి తిరిగి కిసుక్కున నవ్వింది. ఆమె మా ముచ్చటకు నవ్విందో, ఒంటరిగా మాట్లాడుకుంటున్న నన్ను చూసి నవ్విందో ఇప్పుడు చెప్పలేను.

ఆయన మాత్రం నవ్వలేదు. నా ఒళ్లోని డబ్బానే చూస్తున్నాడు. "జర గా మూత తియ్యరాదు. పాణం గడ్డకడుతుంది."

నాకు కుదురు పోయింది. డబ్బాను ఈ మోకాలి మీద నుంచి ఆ మోకాలి మీదికి మార్చాను. కిందపెట్టాను, మళ్లీ ఎత్తుకున్నాను. ఆయన మూలుగు వినలేక చివరికి మూత తీశాను. గొట్టం మీద తెల్లగా మంచు పట్టడం మొదలైంది. డబ్బాలోని మంచు మొత్తం కిటికీలోంచి పారబోసి, గొట్టం తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. కాసేపటికి ఆయన వణుకు ఆగింది. కళ్లు మూసుకున్నాడు.

కామారెడ్డిలో చాయ్ తాగి వచ్చేసరికి పక్క సీటు ఖాళీ. దిగిపోయి ఉంటాడనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని చూస్తుంటాను.

హైదరాబాద్‌లో మిషన్ దగ్గరి అమ్మాయి గొట్టాన్ని వెలుగుకు పట్టి చూసింది. "మంచు తగల్లేదు కదా? గడ్డకడితే కణాలు పగిలిపోతాయి, ఇక ఏమీ తేలదు," అంది. లేదని అబద్ధమాడాను. సాయంత్రం ఆమే బయటికి వచ్చి, కణాలు బతికే ఉన్నాయని, రకం తేలిందని చెప్పింది. ఆ వారమే సమూయేలుకు మందు మొదలైంది.

నెల తర్వాత, మందు పనిచేస్తోందో లేదో చూడడానికి మళ్లీ రక్తం కావాల్సి వచ్చింది. ఈసారి కాంపౌండర్‌తో నేనూ కోటగిరి పోయాను. గోడకు సిలువ, కింద నులక మంచం. తల దగ్గర గళ్ల తువ్వాలు. దుప్పటి మీద ఎడమ చెయ్యి, చిటికెన వేలు సగమే.

ఆయన భార్యను బయటికి పిలిచి, పోయిన నెల మీ ఆయన హైదరాబాద్ బస్సెక్కాడా అని అడిగాను.

"బస్సా? రెండు నెలల సంది గడప దాటలే బిడ్డా. నెత్తురు తీస్కపోయిన దినమైతె సలి సలి అని ఒకటే మొత్తుకున్నడు. గంత ఎండల మూడు బొంతలు కప్పినం. జర పొద్దెక్కినంక దానంతటదే తగ్గింది."

లోపలికి పోయి, కాంపౌండర్ ఇచ్చిన గొట్టం అందుకుని డబ్బా మూత తీశాను. సమూయేలు కళ్లు తెరిచాడు. కొత్తవాణ్ణి చూసినట్టు చూడలేదు.

"ఈసారి ఉప్పెయ్యకు తమ్మీ," అన్నాడు.

ఉప్పు సంగతి నన్ను పుట్టించిన దేవుడికి కూడా చెప్పలేదు. ఆయనకు ఎలా తెలిసిందో ఇన్నేళ్లు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. ఆ రోజు మాత్రం డబ్బా మూసేసి, గొట్టాన్ని అరచేతిలో పట్టుకునే హైదరాబాద్ దాకా పోయాను. పక్క సీటు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.