తడిగోనెలు తీసేశాకే కాళేశ్వరం చేరాం

ఆ రోజు కూడా ఎప్పటిలాగే నాలుగింటికి లేచాను. రెండు చేదలు తోడుకుని స్నానం చేసి, దీపం పెట్టి, పెరటి తొట్టిలో గోనెసంచులు నానవేశాను. వరంగల్ బజారులో మాది తమలపాకుల కొట్టు. ఆకు బుట్టలకు తడిగోనె చుట్టడం మా నాన్న నేర్పిన పని. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి ముందు నాకే నేర్పాడు. పాలవాడు వచ్చి వెళ్లాడు. వీధి కుళాయి దగ్గర బిందెలు మోగుతున్నాయి. తమ్ముడు రాజేశం బండి తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

డెబ్భై ఆరులో నాన్న పోయాక చిన్న తమ్ముడు శంకరం కొట్టులో కూర్చుంటున్నాడు, సరుకు చేరవేసేది రాజేశం. పోయినేడు రాజేశం ఒక పాత పికప్ కొని, వెనక రేకుల పెట్టె కట్టించి, హైదరాబాదులో పాత కారు నుంచి విప్పిన ఏసీ అందులో బిగించాడు. ఇంజను నడిచినంతసేపూ పెట్టెలో చల్లగాలి. బజారంతా వచ్చి చూసిపోయింది. కానీ ఎండలు ముదిరాక రెండు పెళ్లిళ్లకు ఆకు తీసుకుపోతే రెండుసార్లూ దారిలో ఏసీ ఆగింది, ఆకు నల్లబడింది. మెకానిక్ దగ్గరికి పోయేసరికి మళ్లీ భేషుగ్గా నడిచేది. "బండికి ఏ రోగం లేదు సేటూ, రోగమంతా నీకే" అని నవ్వాడట. మూడోసారి కూడా ఇట్లే అయితే బండి అమ్మేద్దామని శంకరం ఖండితంగా చెప్పేశాడు. ఆ మూడోది కాళేశ్వరంలో పెళ్లి. గోదావరి స్నానం, స్వామి దర్శనం అవుతాయని నేనూ ఎక్కాను.

ఐదింటికి బయలుదేరాం. బస్సులో వచ్చేవారికి హన్మకొండ నుంచి పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా ఐదు గంటల ప్రయాణం, టికెట్టు పన్నెండు రూపాయలు. మా బండిలో సీటు వెనక పెట్టెలోకి తెరుచుకునే చిన్న జాలీ కిటికీ ఉంది. అందులో చెయ్యి పెడితే పెట్టెలోని చల్లగాలి తగులుతుంది. పరకాల పొలిమేరకు వచ్చేసరికి తగలడం మానేసింది.

"అక్కా, మల్ల బందైంది. గోనెల మీద ఇంకిన్ని నీళ్లు జల్లాల్నా?"

"జల్లు" అన్నాను.

నీళ్లు జల్లి, రోడ్డు పక్క హోటల్ దగ్గర ఇంజను ఆపాం. అర్ధరూపాయి టీ. రాజేశం టీ తాగుతుంటే నేను బల్లమీద కూర్చుని జపం చేసుకున్నాను. అరగంట పట్టింది. హోటలామె గ్లాసులు కడుగుతూ పిలిచింది. "పెద్దమ్మా, మీ బండి కిందికెల్లి నీళ్లు కారుతానయ్. కాలు వెట్టిన, ఐసోలె సల్లగున్నయ్. ఏం అమ్ముతరు మీరు, గోలీసోడానా?"

మళ్లీ ఇంజను తిప్పగానే జాలీలోంచి చల్లగాలి వచ్చింది. రాజేశం స్టీరింగుకు దండం పెట్టాడు. "నీ జపం మహిమ అక్కా!"

భూపాలపల్లి దాటి అడవిలోకి వచ్చాం. ఎనిమిదిన్నరకే ఎండ మండుతోంది. గాలి మళ్లీ ఆగింది.

"అక్కా, ఇంకోపాలి జపం వట్టు."

"దేవునికి మెకానిక్ పని చెప్పకు తమ్మీ. పెట్టె తియ్యి."

నాకు హోటలామె మాట గుర్తొచ్చింది. తలుపు తీసి ఏసీ గొట్టాల మీద చెయ్యి పెట్టాను. తెల్లగా ఐసు పేరుకుని ఉంది, గాలి దూరే సందు లేదు. గోనెల తడి అంతా అక్కడికి చేరి గడ్డ కడుతోంది. బండి ఆపితే కరిగి కిందికి కారిపోతోంది. ఇక మెకానిక్‌కు ఏం కనపడుతుంది? ఏసీ చెడిపోలేదు. మూడుసార్లూ గోనెలు తడిపింది నేను.

"గోనెలన్నీ తీసెయ్యి."

"ఏందక్కా! మల్ల ఆగితే తడి గూడ ఉండది. ఆకు మొత్తం మాడిపోతది. నాయిన ఉంటే ఒప్పుకుంటుండెనా?"

"నాయిన దగ్గర ఏసీ లేకుండె. తడపమన్నది నేను, తియ్యమంటున్నదీ నేనే. తప్పయితే నాది."

బుట్టల్లోపలి అరటాకులు మాత్రం ఉంచి గోనెలన్నీ దింపాం. ఐసు కరిగేదాకా ఆగి, పెట్టెలో తడి తుడిచి కదిలాం. జాలీలో పెట్టిన చెయ్యి కాళేశ్వరం దాకా తీయలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. జపం రెండో చేత్తో లెక్కపెట్టుకున్నాను.

పదకొండింటికి చేరాం. పెళ్లికూతురి తండ్రి ఎదురొచ్చాడు. "రెండు పెళ్లిళ్ల కత నా చెవులవడ్డది సేటూ. ముందుగాల బుట్ట ఇప్పు." రాజేశం అడుగు బుట్టే విప్పాడు. ఆయన ఆకు తీసి మడిచాడు. ఫట్‌మని విరిగింది. "ఏందయ్యా, బండిల తోట వెట్టుకచ్చినవా!" అన్నాడు. రాజేశం అందరి ముందూ నన్ను చూపించాడు. నేను వాడినే చూస్తున్నాను. రెండుసార్లు తలదించుకుని ఇంటికి వచ్చినవాడు ఆ పందిట్లో తలెత్తుకుని నిలబడ్డాడు. నాకదే దర్శనం.

స్నానం, గుడి, పెళ్లిభోజనం అయ్యాక రెండింటికి తిరుగుప్రయాణం. నాన్న నేర్పింది తప్పు కాదు, కొట్టులో ఇప్పటికీ గోనెలు తడుపుతూనే ఉన్నాను. కొత్త వస్తువు దగ్గర ఒకసారి చెయ్యి పెట్టి చూడాల్సింది, చూడలేదు. మీరు ఏసీ బండిలో సరుకుతో ఈ దారిన వెళ్తే లోపల తడి ఏదీ ఉంచకండి. గాలి ఆగితే గాబరాపడక అరగంట ఇంజను ఆపి, బండి కింద నీళ్లు కారుతున్నాయేమో చూడండి.

ఏడింటికి ఇల్లు చేరాం. శంకరం జరిగిందంతా విన్నాడు. ఆ సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకున్నాం. బండి అమ్మేది లేదు. పెట్టె మీద నాన్న పేరు రాయించాలి. ఎల్లుండి పాలకుర్తి పెళ్లికి ఆకుతో పాటు శంకరం వెళ్లాలి, జాలీలో చెయ్యి పెట్టుకుని.