అడగకుండా రాసుకున్న ఓట్లు

పోయిన వారం తెనాలిలో మా గేటు ముందు ఒక యువకుడు ఫోను పట్టుకుని నిలబడి, ఇంటి పెద్ద మీరేనా సార్, ఎన్ని ఓట్లండి, ఎటు వేస్తారండి అని వరసగా మూడు ప్రశ్నలడిగి, నాలుగు ఓట్లయ్యా, ఇంకా ఏమీ అనుకోలేదు అని నేను చెప్పగానే, నాలుగింటినీ తేలని ఓట్ల కింద నొక్కేసుకున్నాడు. లోపల నా భార్యా, ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు, వాళ్ళని విడిగా అడుగు బాబూ అన్నాను. టైమ్ లేదండి, ఇంకా రెండొందల ఇళ్ళున్నాయి అని నవ్వి పక్కింటికి వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనికన్నా చాలా ముందే, అదే పని కాగితం మీద, ఎంతో శ్రద్ధగా చేసినవాణ్ణి నేను.

నేను పదో తరగతి తప్పాను. సిమెంటూ ఇటుకలూ అమ్మే కొట్లో పనికి కుదిరాక, గది పొడవూ వెడల్పూ చెబితే ఎన్ని ఇటుకలు పడతాయో నోటితోనే చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. మేస్త్రీలు నా లెక్కని మళ్ళీ వేసి చూసుకునేవాళ్ళు కాదు. దాంతో నా లెక్కంటే నాకూ అంత నమ్మకం కుదిరిపోయింది.

ఆ రోజుల్లోనే మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది. మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు, దాదాపు ముప్పయ్యేళ్ళు రోజూ రేపల్లె పాసింజరెక్కి వెళ్ళి అక్కడ లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి, నామినేషన్ వేస్తానంది. మీలో నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పటికే ప్రచారమంటే మైకు కట్టిన ఆటో, ఇంటింటికీ బిర్యానీ పొట్లం, కనిపించిన ముసలివాళ్ళ కాళ్ళకల్లా దణ్ణం, అంతే అయిపోయింది. ఖాలా వాటిలో ఒక్కటీ చెయ్యలేదు. పొద్దున ఏడింటికి వీధి కుళాయి దగ్గర కూర్చునేది. ఎవరేమడిగినా తెలిస్తే చెప్పేది, తెలియకపోతే నోటుబుక్కులో రాసుకుని, మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి కనుక్కుని, మర్నాడు అడిగినవాళ్ళకే చెప్పేది. ఓటడగడమంటే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడమేననీ, ప్రశ్నలు వాళ్ళవి, జవాబులు తనవనీ ఆమె ఉద్దేశం. పాసవుతారంటారా టీచరమ్మగారూ అని ఒకాయన వేళాకోళమాడితే, "పేపరు దిద్దేది మీరే కదండీ, నన్నడుగుతారేంటి!" అంది. అవతల నిలబడ్డ ఆవిడని మాత్రం మేమెవరమూ చూసి ఎరగం. పోస్టర్లలో ఆవిడ ఫొటో తపాలా బిళ్ళంత, భర్త ఫొటో తలుపంత ఉండేది. తిరిగేదీ దణ్ణాలు పెట్టేదీ కూడా ఆయనే.

ఓటర్ల లిస్టు నాకప్పగించారు. మూడు వందల పన్నెండు గడపలు, వెయ్యీ నలభై ఆరు ఓట్లు. వారం రోజులు సాయంత్రం పూట గడపగడపకీ వెళ్ళి, అరుగు మీదో గుమ్మంలోనో కనిపించిన ఇంటాయనతో మాట్లాడి, ఆయన మాటని బట్టి ఆ ఇంటి ఓట్లన్నిటికీ ఖాలాకైతే టిక్కు, అవతలివాళ్ళకైతే ఇంటూ, తేలకపోతే సున్నా పెట్టుకుంటూ పోయాను. ఆడవాళ్ళు లోపల పనుల్లో ఉండేవాళ్ళు. వాళ్ళని పిలవాలని నాకు తోచనైనా లేదు. మొత్తం కూడితే ఖాలాకి రెండు వందల తొంభై ఒకటి, అవతలివాళ్ళకి ఆరు వందల నలభై, తేలనివి నూట పదిహేను.

నామినేషన్లు ఉపసంహరించుకునే ఆఖరి రోజు పొద్దున ఆ కాగితాలు తీసుకెళ్ళి ఖాలా ముందు పెట్టాను. తేలనివన్నీ కలిపినా చాలవని చెప్పాను. ఇన్నాళ్ళూ టీచరుగా సంపాదించుకున్న మర్యాద, ముఖం చూపించని మనిషి చేతిలో ఓడిపోయి పోగొట్టుకోవద్దని బతిమాలాను. గెలుస్తాననేం కాదురా, ఓటు ఇలా కూడా అడగొచ్చని జనం ఒక్కసారి చూస్తే చాలుననుకున్నాను అంది. నేను వదల్లేదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీ కూడి చూసింది. అందర్నీ అడిగావా అంది. అందర్నీ అడిగానన్నాను. అబద్ధమని నాకే తెలియదు. మూడు గంటలలోపు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాం. మిగిలింది ఒక్కరే కాబట్టి అవతలి ఆవిడ పోటీ లేకుండానే కౌన్సిలరైపోయింది.

ఆ సాయంత్రమే వీధిలోని ఆడవాళ్ళు పదిహేనుమంది దాకా ఖాలా ఇంటికొచ్చారు. మాకొక్క మాటన్నా చెప్పకుండా తప్పుకుంటారేంటండీ అని వాళ్ళు నిలదీస్తే, ఆమె నా కాగితాలు చూపించింది. ఎదురింటావిడ తన పేరు పక్కన ఇంటూ చూసుకుని నా మీద పడింది.

"మా ఆయన్నడిగి నా ఓటు కూడా రాసేసుకున్నావా తమ్ముడూ? మా ఆయనకి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు, నా ఓటెక్కడుందో తెలుసా?"

అందరూ నవ్వారు, ఖాలా తప్ప. బాపట్ల నుంచి నన్ను కట్టుకుని వచ్చి పదేళ్ళయిన నా భార్య, నన్నూ అడగలేదుగా మీరు అని మెల్లగా అంది. ఆమె పేరు పక్కన టిక్కే ఉంది, అదీ నేను పెట్టిందే.

వాళ్ళు వెళ్ళిపోయాక ఖాలా నన్ను తిట్టలేదు. కూడిక చూశానే గానీ ఎవర్నడిగావని చూడలేదురా, తప్పు నాది కూడా అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మర్నాడు లిస్టు పట్టుకుని మా వీధిలో ఆడవాళ్ళని ఒక్కొక్కరినే అడిగాను. నలభై ఒక్కమందిలో ముప్పై ముగ్గురు ఖాలాకే వేద్దామనుకున్నామన్నారు. రెండో వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. సగంలో వదిలేసిన లెక్క నా జీవితంలో అదొక్కటే.

పోలింగు రోజున ఊరంతా బారులు తీరి నిలబడితే, మా వార్డులో ఎవరి పనులు వాళ్ళు చేసుకున్నారు. కూరగాయల బజారులో పక్క వార్డుల ఆడవాళ్ళ వేళ్ళ మీద సిరా చుక్కలు కనిపిస్తుంటే, ఖాలా ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని వంకాయలు ఏరింది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. తరవాత ఎన్ని ఎన్నికలొచ్చినా మా వార్డులో జవాబులు చెప్పడానికి నిలబడ్డవాళ్ళు లేరు, ప్రశ్నలడగడం కూడా జనం మెల్లగా మానేశారు. ఆ రోజు ఖాలా పోటీలో ఉండి ఓడిపోయినా, ఎన్ని ఓట్లతో ఓడిందో ఒక అంకె మిగిలేది. ఇలా అడిగినా ఇంతమంది వేశారని ఆ అంకె చూసి, తరవాతి సారి ఇంకెవరైనా ధైర్యం చేసి ఉండేవాళ్ళేమో. మా వార్డుకి ఆ అంకె లేకుండా చేసింది నేను.