పోరా అంటే పోయే బంతి

మొదటి ఆదివారం బొల్లారంలో ఇంగ్లీషు దండు గోల్ఫు మైదానంలో తొమ్మిది గుంటలకు అరవై ఎనిమిది దెబ్బలు కొట్టి ఇంటికొచ్చాను. గోల్ఫు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ ఆటలో చిన్న తెల్లబంతిని కట్టెతో కొట్టుకుంటూ పోయి గుంటలో పడేయాలి. ఎంత తక్కువ దెబ్బల్లో పడేస్తే అంత మొనగాడు. క్రికెట్టులో అరవై ఎనిమిది కొట్టినవాణ్ణి జనం భుజాల మీద మోస్తారు. గోల్ఫులో కొట్టినవాడు తన సంచి తానే మోసుకుంటూ మేడ్చల్ రైలెక్కుతాడు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను మేడ్చల్ స్టేషన్లో పార్సిల్ గుమస్తాని. షామీర్‌పేట చెరువుకు బాతుల వేటకని ఒక తెల్లదొర అప్పుడప్పుడు మా స్టేషన్లో దిగి బండి కట్టించుకునేవాడు. యుద్ధానికి పిలుపొచ్చి పోతూ పోతూ అయిదు కట్టెలున్న కిర్మిచ్ గుడ్డ సంచి నా చేతిలో పెట్టి, "ఉంచుకో, ఆడుకో" అన్నాడు. ఏమి ఆడుకోవాలో చెప్పలేదు. మా ఆవిడ వాటిలో ఒకదాంతో చింతకాయలు రాల్చింది. కొన వంకరగా ఉండడం ఆమెకు మహా నచ్చింది. మిగతా నాలుగూ సైకిలుకు కట్టుకొని ఒక సెలవురోజు బయలు జాగా వెతుక్కుంటూ పోతుంటే, అలియాబాద్ దగ్గర రూమీ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన చేయి అడ్డంపెట్టి ఆపాడు.

"బాబూ సాబ్, గవి గోల్ఫు కట్టెలు. గట్ల గడ్డపారల లెక్క కట్టుకపోతున్నవేంది? ఉల్టా కట్టినవ్."

ఆయనే నా ఉస్తాద్ అయ్యాడు. ముప్పయ్యేళ్ళు బొల్లారం మైదానంలో దొరల సంచులు మోసి, నడుం పట్టేశాక మానుకొని, కందిచేను చూసుకుంటున్నాడు. ఏ దొర బంతిని ఎట్లా కొట్టేవాడో, ఎట్లా చెడగొట్టేవాడో అంతా ఆయనకు కంఠతా వచ్చు. కానీ ఆ మైదానంలో ఆయన ఒక్క బంతి కూడా కొట్టలేదు. సంచి మోసేవాడు కట్టె ఎత్తితే ఆ రోజే పనిలోంచి తీసేసేవారట. అందుకని చేనిగట్టు మీద జామకర్రతో గులకరాళ్ళు కొట్టి కొట్టి నేర్చుకున్నాడు. "దొరల చిర్రగోనె" అనేవాడు ఈ ఆటని, అంటే దొరల బిళ్ళంగోడు. కట్టె పట్టుకోవడం నేర్పాడు, తల దించుకొని నిలబడడం నేర్పాడు. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మంత్రం నేర్పాడు.

మంత్రం ఏమిటంటే, కట్టె బంతికి తగిలే క్షణంలో "పోరా!" అని అరవాలి.

"దొరలకు మన తెలుగు గా ఒక్క ముక్కనే వస్తది బాబూ సాబ్," అన్నాడు. "గదిగూడ బంతికే జెప్తరు. పోరా అని ఒర్లుతరు, బంతి పోతది. ముప్పయ్యేండ్లు ఇన్న."

"బంతికే జెప్తున్నరని ఎట్ల తెలిసింది ఉస్తాద్?"

"ఇంకెవ్వలకు జెప్తరు? నేను దూరంగ అవుతల నిలవడి బంతి యాడ వడ్తదో సూసెటోణ్ణి. ఆకాశం మీదికెల్లి నజర్ తియ్యద్దు, తీస్తే బంతి గాయబ్. పోరా అని ఇనవడంగనే పైకి సూస్తే బంతి వస్తనే ఉండె."

ఆయన కుడి కనుబొమ్మ మీద రేగుపండంత బుడిపె ఉండేది. ఒకసారి దాని సంగతి అడిగాను.

"గదొక్క బంతి మాట ఇనలే," అన్నాడు ఏ బాధా లేకుండా. "గా దొర మస్తు ఒర్లిండు. పోరా, పోరా, పోరా అని మూడు పార్లు. అయినా సక్కగ నా మీదికే వచ్చింది. మొండి బంతి!"

ఆ బంతి మొండితనానికి ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఇక నా అరవై ఎనిమిది సంగతి. ఆటగాళ్ళంతా యుద్ధానికి పోయి బొల్లారం మైదానం బోసిపోయింది. దాన్ని చూసుకునే ముసలి దొర ఒకరోజు మా స్టేషన్లో నా కట్టెలు చూసి ఆశ్చర్యపోయి, నాకొక మాటిచ్చాడు. రెండు ఆదివారాలు వచ్చి ఆడి చూపించాలి. ఏ ఒక్క ఆదివారమైనా తొమ్మిది గుంటలు యాభై నాలుగు దెబ్బల్లో ముగిస్తే, ఆపైన ప్రతి ఆదివారం ఆడుకోవచ్చు. నాతోపాటు ఒక జతగాణ్ణి తెచ్చుకోవచ్చు, ఎవరైనా సరే.

ఈ మాట ఉస్తాద్‌కు చెప్పాను. తువ్వాలు తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"ఒక్క దెబ్బ సాలు బాబూ సాబ్," అన్నాడు. "గా మొదటి గుంట కాడ నిలవడి ఒక్కటే దెబ్బ కొడ్త. తర్వాత నడుమిరిగినా మంచిదే."

అప్పటినుంచి ఆ ఒక్క దెబ్బ నా నెత్తిన కూర్చుంది. అందుకే సోమవారం పొద్దున ఆయన మా ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి నాకు తలెత్తి చూడాలంటే సిగ్గేసింది. సాకులు మాత్రం ఒక బుట్టెడు తయారుగా పెట్టుకున్నాను. బంతి పాతది, యుద్ధం మూలాన కొత్తవి రావడంలేదు. కట్టె మెడ వదులైంది. ఎండ కళ్ళల్లో కొట్టింది. గుంట చుట్టూ గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుక పరిచారు, దాని మీద బంతి జారింది. వాకిట్లో కూర్చొని చింతపండు కొడుతున్న మా ఆవిడ తలెత్తకుండానే, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంది," అంది.

ఉస్తాద్ నా సాకులు ఒక్కటీ వినలేదు. మా ఆవిడ దగ్గర ముగ్గు అడిగి నేల మీద తొమ్మిది సున్నాలు గీశాడు. ఆమె తీసిన చింతగింజల్ని అష్టాచెమ్మాకు పగలగొట్టినట్టు రెండేసి బద్దలు చేసి కుప్ప పోశాడు.

"మంచి దెబ్బ అయితే నల్లదిక్కు పైకి. కరాబు దెబ్బ అయితే తెల్లదిక్కు పైకి. ఒక్కటి గూడ దాసిపెట్టకుండ జెప్పు."

నేను చెప్పుకుంటూ పోయాను, ఆయన పెట్టుకుంటూ పోయాడు. మొదటి గుంట నాలుగు. రెండోది పదకొండు. మూడోది అయిదు. నాలుగోది పది. అయిదోది నాలుగు. ఆరోది పన్నెండు. ఏడు, ఎనిమిది మళ్ళీ బంగారం, అయిదూ నాలుగూ. తొమ్మిదోది పదమూడు. అక్కడికి గింజలు అయిపోయాయి.

"ఇంకిన్ని కొట్టాల్నా?" అంది మా ఆవిడ. "మీ ఆట పుణ్యమాని ఏడాది చింతపండు ఒక్క పొద్దులనే అయిపోయేటట్టుంది."

ఉస్తాద్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని ఆ గింజల్ని జాతకం చూసినట్టు చూశాడు.

"గీ నల్లయి కొట్టినోడు ఒకడు, గీ తెల్లయి కొట్టినోడు ఇంకొకడు," అన్నాడు. "మొదటి గుంట కాడ దొర యాడుండె?"

"నా ఎన్కల. చుట్ట ముట్టిస్తుండె."

"రెండో గుంట కాడ?"

"ముంగట నిలవడి సూస్తుండె."

"మూడు?" "ఎన్కల." "నాలుగు?" "ముంగట." అట్లా తొమ్మిదీ అడిగాడు. దొర వెనకున్న చోటల్లా నల్లగింజలు, దొర ఎదురుగా ఉన్న చోటల్లా తెల్లగింజలు. తొమ్మిదో గుంట దగ్గరైతే దొరతోపాటు టీ బల్ల దగ్గర ఇద్దరు దొరసానులు కూడా ఉన్నారు.

"దొర ముంగటున్నప్పుడు పోరా అన్నవా?"

నేను దొంగలా దొరికిపోయాను.

"ఎట్ల అంట ఉస్తాద్? అంత పెద్దమనిషి మొఖం మీద పోరా అంటే నా నౌకరి ఉంటదా? మింగేసిన."

మా ఆవిడ సుత్తిరాయి పక్కన పడేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. "అయితే పోండ్రి అనుండ్రి," అంది ఊపిరి తిరిగాక. "మర్యాదగుంటది."

ఆమె వేళాకోళానికి అంది. ఉస్తాద్ మాత్రం లేచి నిలబడ్డాడు. "ఆలోచన మంచిగుంది బిడ్డా. సూద్దాం పా."

ముగ్గురం ఇంటి వెనక బీడులోకి పోయాం. నేను బంతి ముందు నిలబడి, కట్టె ఎత్తి, "పోండ్రి!" అన్నాను. బంతి కూడా మర్యాదగా నాలుగడుగులు నడిచి ఆగింది. "దయచెయ్యుండ్రి!" అన్నాను. కట్టె మట్టిలో దిగబడింది. ఉస్తాద్ నా చేతిలోంచి కట్టె లాక్కొని, అదే మర్యాద ఉర్దూలో అయితే బాగుంటుందేమో అని, "తష్రీఫ్ లే జాయియే!" అంటూ తిప్పాడు. ఆ మాట పూర్తయ్యేసరికి కట్టె గాలిని కోసి వెనక్కి కూడా వచ్చేసింది, బంతి ఉన్నచోటే ఉంది. మా ఆవిడ నేల మీద చతికిలబడి నవ్వింది. ఉస్తాద్ టోపీ జారి పడిపోయేలా నవ్వాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఓడిపోయిన మర్నాడు మనిషికి అంత సంతోషం ఎట్లా కలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నవ్వు తగ్గాక ఉస్తాద్ తేల్చి చెప్పాడు. "మాట మింగితే ఊపిరి ఆగుతది. ఊపిరి ఆగితే రెక్కలు బిగుస్తయ్. పోరా అంటే ఊపిరి పోతది, దాని ఎంబడి బంతి పోతది. దొర దిక్కు సూడకు, బంతి దిక్కే సూడు. దొర గరమైతే బంతిని తిట్టిన్నని జెప్పు."

రెండో ఆదివారం మొదటి గుంట దగ్గరే దొర వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బంతిని చూశాను. ఉస్తాద్ అడిగిన ఆ ఒక్క దెబ్బను తలుచుకున్నాను. "పోరా!" అని అరిచాను. బంతి పోయింది! దొర కోప్పడకపోగా తల ఊపాడు. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. గుంట గుంటకూ పోరా, దొర ఎటున్నా పోరా. ఎనిమిది గుంటలకు నలభై ఎనిమిది. చివరిదాన్ని ఆరు దెబ్బల్లో ముగించాలి.

తొమ్మిదో గుంట దగ్గర, మళ్ళీ ఆ టీ బల్లే ఎదురైంది. నాలుగో దెబ్బకు నా గుండెల్లో ఉన్నదంతా కలిపి "పోరా!" అన్నాను. దొరసానులిద్దరూ చేతులు తల మీద పెట్టుకొని బల్ల కిందికి దూరారు. బంతి పోయి గుంట పక్క ఇసుక మీద ఆగింది. నా పని అయిపోయింది, వీళ్ళకు తెలుగు వచ్చు అనుకున్నాను. అయినా ఇంకో రెండు దెబ్బల్లో గుంటలో పడేశాను. యాభై నాలుగు.

దొర నా దగ్గరికొచ్చాడు. బంతిని తిట్టానండీ అని చెప్పబోతుంటే నా చేయి పట్టుకొని ఊపాడు. తన వచ్చీరాని ఉర్దూలో, పోయిన వారం ఇక్కడ అరవనేలేదు, దొరసానికి బంతి తగలబోయింది, ఇవాళ ప్రతి దెబ్బకూ అరిచావు, పెద్దమనిషి అంటే అట్లా ఉండాలి అన్నాడు. నేను వెర్రిమొహం వేశాను. అప్పుడు ఆయనే విడమరిచి చెప్పాడు. ఆ మాట పోరా కాదట, ఫోర్ అట. ముందున్న వాళ్ళకు బంతి వస్తోంది, తప్పుకోండి అని హెచ్చరికట.

రైల్లో ఒక్కణ్ణే కూర్చొని నవ్వాను. పక్కనున్న కూరగాయల ఆమె తన గంప కొంచెం అవతలికి జరుపుకుంది. నవ్వుతూ నవ్వుతూ ఉంటే ఉస్తాద్ కనుబొమ్మ మీది బుడిపె గుర్తొచ్చింది. పాపం ఆ దొర మూడుసార్లు అరిచింది బంతితో కాదు. ఆ తర్వాత మేడ్చల్ వచ్చేదాకా నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె కూడా మొదట నవ్వి, తర్వాత ఆగిపోయింది. "ఉస్తాద్ మామకు జెప్పకుండ్రి," అంది. "ముప్పయ్యేండ్ల మాట. గది తీసేస్తే ఆయన కట్టె లేవది." నేను చెప్పలేదు.

మూడో ఆదివారం ఉస్తాద్ ఉతికిన షేర్వానీ వేసుకొని, గడ్డానికి గోరింటాకు పెట్టుకొని వచ్చాడు. దొర ఆయన్ను గుర్తుపట్టి ముఖం చిట్లించాడు. ఇతను సంచులు మోసేవాడు కదా అన్నాడు. "ఎవరైనా సరే అన్నారు కదండీ," అన్నాను. దొర మీసం నిమురుకున్నాడు. ఉస్తాద్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. చివరికి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆ దొర మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఉస్తాద్ చిటికెడు ఇసుక కుప్ప పోసి దాని మీద బంతి పెట్టాడు. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు, దొర, ఇద్దరు ఆఫీసర్లు, దొరసానులు, సంచులవాళ్ళు. ఆయన నడుం నొప్పి ఎటు పోయిందో, కట్టె చెవి దాటి పైకి లేచింది.

"పోరా!"

ముప్పయ్యేళ్ళుగా దాచుకున్న అరుపది. ఎవరి మీదికి వస్తుందోనని ఆఫీసర్లు వంగిపోయారు, దొరసానులు, సంచులవాళ్ళు కూలబడ్డారు, ముసలి దొర రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని మోకాళ్ళ దాకా వంగాడు. బంతి తుమ్మచెట్ల మీదుగా తిన్నగా పోయి, కనిపించినంత దూరం కనిపించి, మాయమైంది. మైదానం మొత్తం మీద నిటారుగా నిలబడినవాళ్ళం మేమిద్దరమే.

ఉస్తాద్ బంతి మీదినుంచి చూపు మరల్చడం అదే మొదటిసారి అనుకుంటాను. చుట్టూ చూసి బిత్తరపోయాడు.

"బాబూ సాబ్, వీండ్లందరు గట్ల వంగిండ్రేంది?"

"మీకు సలాం జేస్తున్నరు ఉస్తాద్."

"గిన్నేండ్లకా!" అన్నాడు. కట్టె ఎడమ చేతిలోకి మార్చుకొని, కుడిచేయి ఆ బుడిపె దాకా ఎత్తి, అందరికీ తిరిగి సలాం చేశాడు.