కుళాయికి కాపలా

నా చిన్నప్పుడు ఒక వేసవిలో మా కాలనీ ఏమేం పోగొట్టుకుందో ముందే చెప్పేస్తాను. లెక్క తేలనిదే నాకు మాట సాగదు. ఒక ఇత్తడి బిందె. గాలికి విరిగిపోయిన ఒక నల్ల గొడుగు. రెండు ఇళ్ళ మధ్య మాటలు, అవి ఆ తర్వాత పెళ్ళిపిలుపులకు కూడా కలవలేదు. మా నాన్నగారి మెడ మీద ఎండకు ఊడిన చర్మం. ఒక మనిషి. వీటిలో బిందె ఒక్కటే ఎలా పోయిందో తెలియదు. మిగతావన్నీ చేతులారా పోగొట్టుకున్నవే.

అప్పుడు మేము హఫీజ్‌పేట్‌లో రైలు పట్టాలకు ఇవతల ఉండేవాళ్ళం. ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చిన పది పన్నెండు కుటుంబాల కాలనీ అది. పట్టాలకు అవతల బండలు కొట్టి బతికేవాళ్ళ గుడిసెలు. మా బోరుకు ఒకే కుళాయి. వాళ్ళు దాన్ని నల్లా అనేవాళ్ళు. ఎండలు ముదిరి వాళ్ళ బావి అడుగంటితే, ఆడవాళ్ళు పట్టాలు దాటి వచ్చి, మా బిందెలు నిండేదాకా ఆగి, తమవి నింపుకుని వెళ్ళేవాళ్ళు. పట్టుకోమని ఎవరూ పిలవలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఏళ్ళ తరబడి అలా నడిచిపోయింది.

మా ఇంట్లో గిన్నెలు తోమే అవ్వ ఆ గుడిసెల నుంచే వచ్చేది. ఆ వేసవిలో ఆమె కూతురు పుట్టింటికి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. బాలింత ఉన్న ఇంట్లో నీళ్ళు ఎంత కావాలో చెప్పనక్కర్లేదు. అవ్వ పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె పట్టుకెళ్ళేది.

ఒకరోజు కుళాయి దగ్గర మా వాళ్ళ ఇత్తడి బిందె ఒకటి మాయమైంది. మధ్యాహ్నానికి "ఎవరో తీశారు" అన్నారు. సాయంత్రానికి అది "వాళ్ళే తీశారు" అయింది. పడుకునే వేళకు "వాళ్ళంతా దొంగలే" దగ్గర స్థిరపడింది. ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా వస్తే వస్తువును పక్కన పడేసే మనుషులు వీళ్ళు. ఒక్క బిందెను పట్టుకుని అన్ని గుడిసెలతో గుణించేశారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు మా వరండాలో మీటింగు పెట్టి, అవతలి వాళ్ళకు నీళ్ళు ఇవ్వకూడదని తీర్మానించారు. అదే సమయానికి అవ్వ బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

"ఏంది సారూ, గిట్ల జేస్తున్రు? ఇంట్ల పచ్చి బాలెంత ఉన్నది. జర ఒక్క బిందె పట్టుకోనియ్యుండ్రి."

ఎవరూ తలెత్తలేదు. ఆమె ఖాళీ బిందెతోనే వెళ్ళిపోయింది. మా నాన్నగారు చెడ్డవారు కారు. ఆమె వెళ్ళాక, "మనమేం కొత్తగా చేస్తున్నామా? లోకం పుట్టినప్పటి నుంచీ మనిషి ఇంతే. ఏ దేశం చూడు, ఏ కాలం చూడు, మనవాళ్ళు, పరాయివాళ్ళు. అది నైజం" అన్నారు. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. చేసే పనికి చరిత్ర మొత్తం తోడు దొరికితే ఎవరికి మాత్రం హాయిగా ఉండదు?

మా మేనత్త అప్పుడే డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ సర్కారు దవాఖానలో నర్సు. మా ఇంట్లోనే ఉండేది. మాట చురుకు, ఓపిక తక్కువ.

"నైజమా అన్నయ్యా? అయితే మరీ మంచిది. మరి కుళాయి దగ్గర కాపలా ఎవరుంటారు?"

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఆవిడే పూనుకుని, వార్డులో వేసినట్టు ఇంటింటికీ డ్యూటీలు వేసింది. దవాఖాన పద్ధతి ఒకటి పెట్టింది. తర్వాతివాళ్ళు వచ్చి నిలబడేదాకా ముందువాళ్ళు కదలకూడదు. ఇంకో సంగతి కూడా చెప్పింది. నీళ్ళివ్వని మనుషుల చేత గిన్నెలు తోమించుకోవడం కుదరదు. పాలు పోసేవాడూ, ఇస్త్రీ చేసేవాడూ అవతలి వాళ్ళే కాబట్టి వాళ్ళనూ రానివ్వకూడదు. "చేస్తే పూర్తిగా చెయ్యండి. సగం సగం పగ నాకు నచ్చదు" అంది. ఆవిడ తమ పక్షమేననుకుని అందరూ సంతోషించారు.

ఆ సాయంత్రం అత్తయ్య మా ఇంటి వంతు బిందె ఒకటి నింపి, నన్ను వెంటబెట్టుకుని పట్టాలు దాటింది. అవ్వ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు బిడ్డా. మీ మొగోళ్ళు ఒద్దన్నంక నువ్వు సాటుంగ తెస్తే, గప్పుడు నిజంగనే మేం దొంగలమైతం. టేషన్ల నల్లా ఉన్నది. నువ్వు ఫికర్ చెయ్యకు."

స్టేషన్ దగ్గరేం కాదు. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. అత్తయ్య ఆ బిందెను అలాగే వెనక్కి మోసుకొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కాపలా మా నాన్నగారిది. నల్ల గొడుగు వేసుకుని రాయి మీద కూర్చున్నారు. ఆయన తర్వాత రావలసిన పక్కింటి బాబాయిగారు భోంచేసి నిద్రపోయారు. నిద్ర లేచేదాకా నాన్నగారు లేవడానికి లేదు. వడగాలికి గొడుగు విరిగింది. నేను మజ్జిగ తీసుకెళ్ళేసరికి మెడ కందిపోయి ఉంది. అత్తయ్య అటువైపు వెళ్తూ ఆగి, "ఏం అన్నయ్యా, నైజం ఎలా ఉంది? చెమట పడుతోందా?" అంది. ఆ సాయంత్రం నాన్నగారూ బాబాయిగారూ అనుకున్న మాటలు ఇక్కడ రాయను. అవతలి వాళ్ళను ఏనాడూ అంత తిట్టుకోలేదు.

ఇళ్ళల్లో అంట్లు గుట్టపడ్డాయి. పాలు లేవు. మగవాళ్ళు నలిగిన చొక్కాలతో ఫ్యాక్టరీకి వెళ్ళారు. ఇలా మూడు రోజులు. నాలుగో పొద్దున కుళాయి దగ్గర ఎవరూ లేరు. మూయడానికి మీటింగు పెట్టారు గానీ, తెరవడానికి ఎవరూ పెట్టలేదు. ఊరికే మానేశారు. మధ్యాహ్నానికి అవతలి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అటూ ఇటూ చూసి, బిందెలు పెట్టారు. అవ్వ రాలేదు.

అత్తయ్య వెళ్ళి చూసి వచ్చింది. గుడిసె ఖాళీ. ఆ ముందురోజు రాత్రే కూతుర్నీ పసిగుడ్డునూ తీసుకుని పడమటగా ఇంకేదో క్వారీకి వెళ్ళిపోయారట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్య గెలిచినట్టు లేదు. వరండా మెట్టు మీద కూర్చుని నాతో అంది. "ఆకలి వెయ్యడానికి ఎవరైనా మీటింగు పెడతారటే? నిద్ర రావడానికి డ్యూటీలు వేస్తారా? పగ ఎక్కడా లేదని నేననను. కుట్లు పడ్డ తలలు రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ ఎక్కడైనా ఎవరో ఒకరు ఎండలో కూర్చుని దాన్ని కాయాల్సిందే. లేచి వెళ్ళిపోతే అది నిలవదు." తర్వాత, "ఆ మాట వీళ్ళకు తెలియడానికి మూడు రోజులు పట్టించాను. ఆ పిల్లకు అన్ని రోజులు లేవు" అంది.

నేను కాలేజీ చదువులు చదవలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకుని, కోకాపేటలో లేచే టవర్లకు ఇటుక ఎంత, ఇసుక ఎంత అని అంచనాలు కడుతూ బతుకుతున్నాను. ఉండేది తెల్లాపూర్‌లో, గేటూ గోడా ఉన్న చోట. మొన్న మా అసోసియేషన్ మీటింగులో పనిమనుషులూ డెలివరీ కుర్రాళ్ళూ పెద్ద లిఫ్టు ఎక్కకూడదనీ, అందుకు లిఫ్టు దగ్గర ఒక కాపలా మనిషిని పెట్టాలనీ తీర్మానం వచ్చింది. నేను కాదన్నాను. పెద్ద కంపెనీలో పనిచేసే ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా, "ఆంటీ, ఇది బేసిగ్గా హ్యూమన్ నేచర్ అండి. హిస్టరీ అంతా మనుషులు గ్రూపులు కట్టి కొట్టుకోవడమే కదా" అన్నాడు.

"నేచరే అయితే లిఫ్టు దగ్గర కాపలాకు ఇంకో మనిషిని ఎందుకు బాబూ పెడుతున్నారు?" అన్నాను.

అందరూ నవ్వారు. తీర్మానం పాసయింది. ఇంత చదువుకుని, ఆ పాత వరండాలో నుంచి ఒక్క మెట్టు దిగలేదు వీళ్ళు.

చరిత్ర నిండా క్రూరత్వమే ఉందంటే కాదనను. ఉంది. కానీ నాకు విసుగు పుట్టించేది ఆ లెక్క కట్టే తీరు. ఆ కుళాయి దగ్గర ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా బిందెలు నిండాయి. ఆ రోజులను ఎవరు రాసిపెట్టారు? మూడు రోజులకు మాత్రం కథ పుట్టింది. నేనూ ఆ మూడు రోజుల గురించే రాస్తున్నాను చూడండి. జరిగినదాన్నే లెక్కపెట్టి, జరగకుండా ఉన్నదాన్ని వదిలేసి, "మనిషి ఎప్పుడూ ఇంతే" అంటే అది లెక్క కాదు, బద్ధకం.

పోనీ నన్ను నేను ఊరడించుకుందామంటే అదీ కుదరదు. అత్తయ్య పోయింది, నాన్నగారు పోయారు, అప్పటి ఇళ్ళు పోయాయి. పట్టాల అవతల ఏడ్చిన ఆ పసిపిల్లకు ఇప్పుడు నాకంటే కొన్నేళ్ళు తక్కువ వయసుంటుంది, బతికి ఉంటే. కొత్త సైటుకు వెళ్ళినప్పుడల్లా బండలు మోసే ఆడవాళ్ళ ముఖాలు చూస్తాను. చూసి ఏం గుర్తుపడతాను? పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మూడు రోజులు. ఆ బాకీ ఎవరికి తీర్చాలో తెలియకపోయినా అంకె మాత్రం మారదు. ఆరు బిందెల నీళ్ళు.