ఏడో తారీకు మంచు

ఒటీలియా వాళ్ళది మా పై అంతస్తు. మా ఊరు బొటొషాన్‌లో, పోస్టాఫీసు సందులో కొవ్రిగ్‌లు అమ్మే కిటికీ వెనకాల ఏళ్ళ తరబడి నిలబడింది ఆవిడే. గాజులా గుండ్రంగా చుట్టి, ఉప్పో గసగసాలో చల్లి కాల్చిన రొట్టెను కాగితంలో పెట్టి అందిస్తూ, దాంతోపాటు ఒక మాట కూడా వడ్డించి పంపుతుంది. ఆ మాట కోసమే వచ్చేవాళ్ళున్నారు, ఆ మాటకి జడిసి పక్క వీధికి పోయేవాళ్ళూ ఉన్నారు. నోరు అలాంటిది. మనసు మాత్రం మంచిదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ ఏడాది చలి ముదరకముందే వాళ్ళాయన ఎమిల్ పల్లెనుంచి తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ పేరు సఫ్తా. మోకాళ్ళు మొరాయించి నూతిలోంచి నీళ్ళు తోడుకోలేకపోతోంది. ఆ వంటిల్లు ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా నిలబడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఉంటుంది. సఫ్తా ప్లాస్టిక్ సంచులు కడిగి కొళాయి మీద ఆరేస్తే, ఒటీలియా వాటిని తీసి చెత్తబుట్టలో పడేసేది. అత్తగారు సూపులో వేసిన ఉల్లిపాయ ముక్కల్ని కోడలు చెంచాతో ఏరి పళ్ళెం అంచున పేర్చేది. అరిచినా బాగుండును, లోకమంతటి మీదా అరిచే మనిషి కదా. ఆ ముసలావిడ దగ్గర మాత్రం చలికాలమంతా ముళ్ళు మింగినట్టు మూతి బిగించుకుని తిరిగింది.

మార్చి మొదటి తొమ్మిది రోజులూ మాకు ముసలమ్మల రోజులు. ఒకటో తారీకున ఆడవాళ్ళం ఎర్రదారం, తెల్లదారం పేని గుండె మీద పెట్టుకుని, ఆ తొమ్మిదింట్లో ఒకరోజు నాదని చెప్పేసుకుంటాం, ఆ రోజుకి ముసలమ్మ మనమే. ఆ రోజు ఎండ కాస్తే మన మనసు మంచిది. వాన పడితే ఏడుపుగొట్టుది. మంచు పడితే ఇక చెప్పనక్కర్లేదు, ఆ ఏడాదంతా ఇంట్లోవాళ్ళు మన జోలికి రాకపోవడమే మేలు. నమ్ముతారా అని అడిగితే నమ్మమనే అంటాం. ముందురోజు పడుకోబోయే ముందు మాత్రం కిటికీ తెర తీసి ఆకాశం చూసుకుంటాం.

ఆ ఒకటో తారీకు పొద్దున ఎమిల్ పనికి వెళ్ళిపోయాక వంటింట్లో ఇద్దరే ఉన్నారు. నీ రోజు ఏదని సఫ్తా అడిగింది. బూట్లు తొడుక్కుంటూ, ఏడు అంది ఒటీలియా.

"అయితే నాదీ అదే" అంది ముసలావిడ. "ఎలా ఉన్నా ఇద్దరికీ ఒకేలా ఉంటుంది."

ఒక రోజుని ఇద్దరు పంచుకోవడం మామూలుగా అక్కచెల్లెళ్ళు చేసే పని, లేదా ప్రాణస్నేహితులు. అత్తగారు అలా అడగడమంటే చెయ్యి చాపడమే. ఆ సంగతి ఒటీలియాకీ తెలుసు. తెలిసి కూడా, మీ ఇష్టం అని తలుపేసుకుని వెళ్ళిపోయింది.

ఆరో తారీకు ఎండ ఎంత బాగా కాసిందంటే మేం కోట్లు విప్పి చేతిమీద వేసుకుని తిరిగాం. ఏడో తారీకు లేచేసరికి పిట్టగోడల మీద మూరెడు మంచు. బస్సులు ఆగిపోయాయి. మెట్ల కింద పూసిన పచ్చపూల పొదలు నేలకి వంగిపోయాయి.

అలాంటి రోజున వేడి కొవ్రిగ్‌లకి గిరాకీ ఎక్కువ. లోపల తనతో పనిచేసే మార్గా పిండి చుడుతోంది, బయట వరస మూలదాకా పెరిగింది. ఒటీలియా కిటికీ ముందు మంచు పారతో తోసి, ఉప్పు చల్లి, మళ్ళీ లోపలికొచ్చి రొట్టెలు అందిస్తోంది. వరసలో ఉన్నవాళ్ళకి మాట్లాడుకోవడానికి ఒకటే సంగతి దొరికింది. ఇవాళ్టి ముసలమ్మ ఎవరు? ఎవరి మనసు ఇంత పులిసిపోయిందో అని ఒకాయన, ఆ మహాతల్లి దొరికితే ఈ పార ఆవిడ చేతికే ఇవ్వాలని ఇంకొకాయన. నీ నోటికి ఈ రోజే సరిగ్గా సరిపోతుంది ఒటీలియా, నీదేనా, అని ఫార్మసీలో పనిచేసే ఆవిడ అడిగింది.

వేళాకోళమే. ఇంకే రోజైనా ఒటీలియా దానికి రెండింతలు తిప్పికొట్టేది. ఆ రోజు మాత్రం అది వేళాకోళంలా వినపడలేదు. చలికాలమంతా తను ఎలా ఉందో తనకి తెలుసు, ఇప్పుడు ఆకాశం కూడా ఊరందరి ముందూ అదే మాట అంటోంది. నాది నిన్న, అనేసింది. ఒకసారి అన్నాక మళ్ళీ అనడం తేలికైపోయింది. మధ్యాహ్నం దాటేసరికి, ఆ ఎండంతా తనదేనని తనే గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం కరెంటు ఉంది గానీ టీవీ రాలేదు, తీగలమీద మంచు పేరుకుందట. అందుకని మా ఆయన జెనూ, నేనూ పైకి రమ్మీకి వెళ్ళాం. మాది పేకలతో కాదు, చెక్క స్టాండులో పలకలు నిలబెట్టుకుని ఆడే రమ్మీ. నలుగురం బల్లచుట్టూ కూర్చున్నాం. సఫ్తాకి ఆట రాదు. పొయ్యి పక్కన కూర్చుని వాల్‌నట్లు కొట్టి పప్పు తీసి మా మధ్యన గిన్నెలో వేస్తోంది. కొత్త గౌను వేసుకుంది, గుండె మీద ఎర్రతెల్ల దారం ముడి అలాగే ఉంది. తన రోజని తయారై కూర్చుందని అప్పుడు నాకు తట్టలేదు.

మా ఆయన నోరు ఊరుకోదు. పలకలు కలుపుతూ, మెట్లమీద జారిపడబోయిన సంగతి చెప్పి, ఈ ఇంట్లో ఇవాళ్టి ముసలమ్మ ఎవరో తేల్చమన్నాడు.

"నాది నిన్న" అంది ఒటీలియా. తల ఎత్తలేదు, పలకలు సర్దుకుంటోంది. నోటికి అలవాటైపోయిన మాట, బయటికి వచ్చాకే ఎవరి ముందు అందో తెలిసింది.

వాల్‌నట్లు కొట్టే చప్పుడు ఆగింది.

"ఇవాళ నాది" అంది సఫ్తా. "నా ఒక్కదానిదే."

ఇంకేం, మా ఆయనకి పండగే. ఊరంతటినీ జారించింది మీరన్నమాట, మేం రోజూ మీ చేతి జామ్ తిని మోసపోయాం, ఎమిల్ నీ బతుకు ఎలా గడిచిందిరా అని మొదలెట్టాడు. చిన్నప్పుడు తన వీపు మీద చెక్కగరిటె ఎన్నిసార్లు విరిగిందో ఎమిల్ చెప్పాడు. నేనూ నవ్వాను. సఫ్తా కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక్క ఒటీలియా నవ్వలేదు. స్టాండులో ఆట కుదిరిన పలకలు పెట్టుకుని, పరచడం మర్చిపోయి కూర్చుంది. ఆ ఆట నేను గెలిచాను.

ఇక మిగతాది ఒటీలియా నాకు ఎండాకాలంలో మెట్లమీద కూర్చుని చెప్పింది. మేం కిందకి వచ్చాక వంటింట్లోకి వెళ్ళిందట, అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పైపోయింది అని చెప్దామనే. సఫ్తా గ్లాసులు తుడుస్తోంది. ఈవిడ నోరు విప్పేలోపే ఆవిడ అందుకుంది.

"నీ రోజు పాడుచేశానమ్మాయ్. నీ మనసు మంచిదే, నాకు తెలుసు. నేనొచ్చి పక్కన నిలబడ్డాను, అందుకే ఇలా అయింది. నిన్నటిదని చెప్పి మంచిపని చేశావు."

వెటకారమేమోనని ఒటీలియా మొహంలోకి చూసిందట. లేదు. ముసలావిడ నిజంగానే నమ్ముతోంది. వీధులు మూసుకుపోవడం, పూలు విరగడం, అంతా తన మనసువల్లే అనుకుంటోంది.

"అప్పుడైనా చెప్పాల్సింది పిన్నీ" అంది ఒటీలియా నాతో. "అది వదిలేసి, నేల చల్లగా ఉంది, వెళ్ళి పడుకోండి అత్తయ్యా అన్నాను. అంతే."

ఇప్పుడు మాత్రం ఏం పోయింది, వెళ్ళి చెప్పు అన్నాను. ఆ మాట రోజూ మెట్లెక్కి ఇంటిదాకా తీసుకెళ్తున్నాననీ, తలుపు తీశాక రావట్లేదనీ అంది. ఈలోగా సంచులు పారేయడం మానేసింది, ఉల్లిపాయ తినడం నేర్చుకుంది. పప్పు తీసే పని తప్పించి ఆవిడకి రమ్మీ కూడా నేర్పింది. సఫ్తా ఎందుకో తెలియకుండానే సంతోషపడింది, ఎవరొచ్చినా మా కోడలు బంగారమని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా ఒటీలియా లేచి ఏదో పని కల్పించుకుని వెళ్ళిపోయేది. కిటికీ దగ్గర మాత్రం నోరు తగ్గింది. వంట్లో బాగోలేదా అని జనం అడగసాగారు.

మరుసటేడు ఒకటో తారీకున ఒటీలియాయే ముందు అడిగింది, ఇద్దరం మళ్ళీ ఏడో తారీకే తీసుకుందామని. సఫ్తా చేతులు ఊపేసింది. ఒద్దంటే ఒద్దంది. తనకి మూడో తారీకు చాలు, అది ఎవరిదీ కాదు.

ఏడో తారీకు పొద్దున నేను బాల్కనీలో తివాచీ దులుపుతున్నాను. ఆకాశం కడిగిన పింగాణీలా ఉంది. ఎండకి కళ్ళు చెదురుతున్నాయి. పైనుంచి సఫ్తా కోడల్ని పిలవడం వినిపించింది.

"చూశావా అమ్మాయ్, నేను తప్పుకున్నాను. ఎంత బాగా కాసిందో చూడు."

తరవాత ఒటీలియా గొంతు, ఏడాదిపాటు నమిలిన మాట. "నిరుటి మంచు నాది అత్తయ్యా. మీది కాదు. నేనే, అందరి ముందూ అబద్ధం చెప్పి మిమ్మల్ని ఒంటరిని చేశాను."

సఫ్తా నవ్వింది. పసిపిల్లని ఊరడించేటప్పుడు నవ్వుతారే, అలాగ.

"నేను బాధపడతానని నీ మీద వేసుకుంటున్నావు కదూ" అంది. "పిచ్చిదానా, ఇంత ఎండ ఊరికే కాస్తుందా మరి."