విడిగా ఆడిన అక్క

నేను బడిని ఏడో తరగతిలో వదిలేశాను. బడి నన్ను ఐదులోనే వదిలేసింది.

మొన్న దంతెవాడ బస్టాండులో ఓ పేరున్న నర్తకి పోస్టరు చూడగానే చిన్నప్పటి మా ఊరు గొల్లపల్లి గుర్తొచ్చింది. అప్పట్లో మేం పిల్లలం ఆడే నాట్యశాలకు రేకుల కప్పు వేయించాలని, చందాల కోసం ఆమె పైసా తీసుకోకుండా ఆడడానికి వచ్చింది.

మేం నడుములు పట్టుకుని వరుసగా ఆడతాం. అడుగు తప్పినవాళ్లనే గురువు విడిగా నిలబెడతాడు. ఆ రోజు మా వరుస ముందు ఆమె ఒక్కతే ఆడుతుంటే శిక్ష వేశారనుకున్నాను. జాలేసి, చెయ్యి పట్టి వెనకున్న మా వరుసలోకి లాగేశాను.

"పాయెరా మన కప్పు!" అని గురువు తల పట్టుకున్నాడు.

ఆమె నవ్వి, చివరిదాకా మాతోనే ఆడింది. జనం లేచి మరీ చందాలిచ్చారు. ఒంటరిగా ఆడడమూ గొప్పేనని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆట అయ్యాక గర్వంగా అన్నాను: "అక్కా, నిన్ను నేనే కాపాడిన."

"ఏంది కాపాడేది? నీ పక్కకొచ్చినంకనే గదరా నాకు అడుగులు తప్పినయ్!"